లక్కీ మ్యాన్: ట్రయల్ అనుకున్న టేకే ఫైనల్ అయింది

ఇక నా ఫేవరెట్ సింథ్ సోలోకి వద్దాం. 1970, లండన్. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ మొదటి ఆల్బమ్‌కి ఒక పాట తక్కువైంది. గ్రెగ్ లేక్ తన పన్నెండేళ్ల వయసులో కట్టుకున్న ‘లక్కీ మ్యాన్’ బయటికి తీశాడు. గిటార్ పాటే. చివర్లో మాత్రం ఖాళీ మిగిలింది.

అక్కడ కీత్ ఎమర్సన్ మూగ్ మాడ్యులర్ వాయించాడు. హార్మోనియంలా నాలుగు కీస్ కలిపి నొక్కితే కుదరదు, దాంట్లో ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కానీ ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారొచ్చు. ఆ జారుడే ఈ సోలో ప్రాణం.

ఆయన లెక్కలో అది ట్రయలే. మళ్లీ వాయిస్తానన్నాడు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు, అదే ఉంచేశారు. వాయించినవాడికి తృప్తి లేదు, వినేవాళ్లు యాభై ఏళ్లు దాటినా వదల్లేదు. మన పని ఎప్పుడు పూర్తయిందో ఒక్కోసారి పక్కవాళ్లకే ముందు తెలుస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చివరి నిమిషం వినండి, మీకే అర్థమవుతుంది.