ఒడికీ బూస్టర్ సీటుకీ మధ్య

బూస్టర్ సీటును కారుకి కొక్కేలతో బిగించాలా, ఊరికే సీటు మీద పెడితే చాలా? కారూ, నాలుగైదేళ్ల పిల్లలూ ఉన్న ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే. మాన్యువల్ తిరగేస్తే తేలిపోయే సంగతిలా ఉంటుంది గానీ, దీని వెనక తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. అమ్మ ఒడి మీద మనకున్న నమ్మకం మెల్లమెల్లగా సడలడమే ఆ చరిత్ర.

1930లలో అమెరికాలో అమ్మిన తొలి పిల్లల సీట్లకి భద్రతతో సంబంధం లేదు. కారు సీటు వీపుకి తగిలించే చిన్న కుర్చీలవి. పిల్లాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, అటూ ఇటూ పాకడు, అంతే. పెద్దవాళ్లకే బెల్టులు లేని కాలం మరి. నడుం మీదుగా, భుజం మీదుగా పోయే బెల్టుని వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ తెచ్చింది 1959లో. 1962లో ఇంగ్లండులో జీన్ ఏమ్స్, అమెరికాలో లెనర్డ్ రివ్‌కిన్ ఎవరికి వారుగా, ప్రమాదంలో పిల్లల్ని కాపాడటానికే సీట్లు తయారుచేశారు. రాకెట్ ఊపుని వీపుతో కాచుకునే జెమినీ వ్యోమగాముల్ని చూసి, స్వీడన్ డాక్టరు బెర్టిల్ ఆల్డ్‌మన్ వెనక్కి తిరిగి ఉండే సీటుని ఆలోచించాడు. 1964లో దాని నమూనాని పరీక్షించారు.

బూస్టర్ 1970ల చివర్లో వచ్చింది, అదీ వోల్వో నుంచే. పెద్దల కొలతలతో చేసిన బెల్టు పిల్లలకి మెడ మీద కోసుకుంటుంది. కింది పట్టీ తుంటి మీద నిలవక పొట్ట మీదికి జారుతుంది. పిల్లల తుంటి ఎముక అంచు ఇంకా సరిగ్గా ఎదగదు కాబట్టి బెల్టుని ఆపలేదు. గుద్దుకున్నప్పుడు ఆ ఒత్తిడంతా పేగుల మీదా వెన్ను మీదా పడుతుంది. బూస్టర్ చేసే పని ఒక్కటే, పిల్లాణ్ణి ఎత్తడం. 1930ల కుర్చీ కిటికీ కోసం ఎత్తింది, ఇది బెల్టు కోసం ఎత్తుతుంది.

మన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ఐదు పట్టీల హార్నెస్ ఉన్న సీటులో పిల్లాణ్ణి సీటు పట్టుకుంటుంది, సీటుని కారు పట్టుకోవాలి. దాన్ని బిగించకపోతే వాడికి ఆధారమే లేదు. బూస్టర్ సంగతి వేరు. అక్కడ పిల్లాణ్ణి పట్టుకునేది నేరుగా కారు బెల్టే. అందుకే కొక్కేలు లేని బూస్టర్ కూడా తన పని తాను చేస్తుంది.

మరి బిగించడం ఎందుకు? పిల్లాడు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అది జారకుండా ఉంటుంది. అసలు లాభం మాత్రం అందులో ఎవరూ లేనప్పుడు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. వెనక ఖాళీగా ఉన్న ఐదు కిలోల బూస్టర్ దాదాపు 70 కిలోల బలంతో ముందుకి వస్తుంది, అక్కడ ఎవరి తల ఉంటే ఆ తల మీదికి. కాబట్టి కొక్కేలుంటే బిగించాలి, లేకపోతే ఖాళీ సీటుకి కూడా బెల్టు పెట్టాలి. ఐసోఫిక్స్ అనే ఈ కొక్కేల పద్ధతి 1999లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. దాని అమెరికా రూపం లాచ్, 2002 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లలో తప్పనిసరి.

అదే లెక్క ఒడికి వేసి చూడండి. పన్నెండు కిలోల పిల్లాడు ఆ క్షణంలో దాదాపు 170 కిలోల బలంతో చేతుల్లోంచి లాక్కుపోతాడు. ఏ తల్లి ప్రేమా అంత బలాన్ని ఆపలేదు. ఇది ప్రేమకి పరీక్ష కాదు, న్యూటన్ రెండో సూత్రం. అయినా ఒడి అంత తేలిగ్గా ఓడిపోలేదు. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు పట్టుబట్టి సాధిస్తే, అమెరికాలో మొదటి పిల్లల సీటు చట్టం 1978లో టెన్నెసీలో అమల్లోకి వచ్చింది. అందులోనూ పెద్దలు చేతుల్లో పట్టుకుంటే చాలన్న మినహాయింపు చేర్చారు. దాన్ని తీసేయించడానికి 1981 దాకా పట్టింది. 1985 కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ చట్టాలొచ్చాయి.

మన దగ్గర ఆ మినహాయింపు చట్టంలో లేదు, అలవాటులో ఉంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 194-బి సెక్షన్ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టో పిల్లల సీటో ఉండాల్సిందే, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. 2022 సెప్టెంబరులో వెనక సీట్లో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ సైరస్ మిస్త్రీ పోయినప్పుడు కొన్నాళ్లు అందరం బెల్టుల గురించి మాట్లాడుకున్నాం. పిల్లల మాట అప్పుడూ పెద్దగా రాలేదు.

హైదరాబాదు నుంచి జనగామ మీదుగా వరంగల్ పోయే దారిని చూడండి. ఒకప్పుడు 202వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 163. దారి వెడల్పయింది, కార్ల వేగం పెరిగింది. వేగం రెట్టింపైతే గుద్దుడు శక్తి నాలుగింతలు. కానీ బతుకమ్మకి ఊరికి పోయే కార్లలో వినబడే మాట మాత్రం అదే, "పోరన్ని ఒళ్లె కూసోబెట్టుకో, ఏం గాదు." డాలస్‌లో వీధి చివరి దుకాణానికి కూడా సీటు లేకుండా కదలని పిల్లాడు, శంషాబాద్‌లో దిగి క్యాబ్ ఎక్కగానే అమ్మమ్మ ఒళ్లోకి చేరతాడు. శరీరం అదే, రోడ్డు ఇంకా కష్టమైనది, మారిందల్లా చుట్టూ ఉన్నవాళ్ల నమ్మకం.

ఇదంతా కారున్నవాళ్ల గొడవ అనొచ్చు, అందులో నిజం లేకపోలేదు. మహబూబాబాద్ తండాల నుంచి బడికి పోయే పిల్లలకి దొరికేది ఆటోలో ఓ మూల. భూపాలపల్లిలో బొగ్గు లారీల పక్కనుంచి పోయే బైకు మీద పిల్లాడు అమ్మానాన్నల మధ్య ఇరుక్కుని కూర్చుంటాడు. 2022లో వచ్చిన నిబంధన ప్రకారం బైకు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకి హార్నెస్, హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటకూడదు. అది అమలైన బైకు ఎన్నిసార్లు చూశారో మీరే గుర్తు తెచ్చుకోండి.

కొక్కేల ప్రశ్న మంచి ప్రశ్నే, బిగించండి. అయితే ఆ ప్రశ్న దాకా వచ్చిన పిల్లాడు అప్పటికే ఒడి దిగి సొంత సీట్లో కూర్చున్నాడు. జనగామ దారిలో చాలామంది పిల్లలు ఇంకా అక్కడిదాకా రాలేదు.