ముల్కీలం మేమే, పరాయివాళ్లం మేమే

ఆఫీసులో ప్రమోషన్ గొడవొచ్చినా, ఎన్నికల్లో మాటామాటా పెరిగినా, చివరికి మామీద పడే మాట ఒకటే: రజాకార్. 1948 తర్వాత పుట్టినోళ్లం మేం. ఖాసిం రజ్వీ మాకేం చుట్టం కాదు.

అసలు హైదరాబాద్ దఫ్తర్లలో తగాదా మతంతో మొదలవలేదు. సాలార్‌జంగ్ కాలం నుంచీ ఉత్తరాది ఉర్దూ చదువరులొచ్చి పెద్ద నౌకరీల్లో కూర్చున్నారు. వాళ్లలో చాలామంది ముసల్మాన్లే. 'గైర్ ముల్కీ'లని వాళ్లమీద మండిపడ్డ స్థానికుల్లోనూ ముసల్మాన్లున్నారు. 1919లో నిజాం ఫర్మానాతో ముల్కీ నిబంధనలొచ్చాయి. పదిహేనేళ్లు ఇక్కడ కాపురమున్నవాడు ముల్కీ. నమాజు చేస్తావా, పూజ చేస్తావా అని అందులో అడగలేదు.

1948 సెప్టెంబర్ పోలీసు యాక్షన్ ఆ లెక్క మార్చేసింది. ఫైళ్లలోంచి ఉర్దూ పోయి ఇంగ్లీషొచ్చింది. తరతరాల ముల్కీ గుమాస్తా తన కుర్చీలోనే పరాయివాడయ్యాడు. ఎందరికో ఆ కుర్చీ కూడా మిగల్లేదు. ఆనాటి మారణకాండ మీద సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదికైతే 2013 దాకా జనం ముందుకే రాలేదు!

1952లో మళ్లీ ముల్కీ గొడవ, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు. ఈసారి గైర్ ముల్కీలు మద్రాసు వైపునుంచి వచ్చిన ఉద్యోగులు. 1956 పెద్దమనుషుల ఒప్పందం ఉర్దూకు ఐదేళ్ల గడువిచ్చింది.

తాతల సర్వీసు కాగితాలు మా ఇళ్లలో ట్రంకుపెట్టెల్లో ఇంకా ఉన్నాయి. అవి మా పిల్లలకు చదవరావు.