గత వాతావరణం - ఉష్ణమండల అడవి మొక్కల జన్యు వైవిధ్యం

ఒకే జాతికి చెందిన మొక్కల మధ్య జన్యువులలో ఉండే తేడాలను జన్యు వైవిధ్యం అంటారు. ఉష్ణమండల అడవులలో ఈ వైవిధ్యం నేటి వర్షపాతం, నేలల మీద మాత్రమే ఆధారపడి ఉండదు. వేల సంవత్సరాల క్రితం వచ్చిన చలి, కరవులు, రుతుపవనాల హెచ్చుతగ్గులు కూడా దానిని తీర్చిదిద్దాయి. హైదరాబాదులో హైటెక్ సిటీ, గచ్చిబౌలి పరిసరాలలో మిగిలిన పొదల అడవులు మొదలుకొని శేషాచలం కొండలలోని ఎర్రచందనం వరకు తెలుగునాట అడవులన్నింటికీ ఇటువంటి పూర్వ చరిత్ర ఉంది.

గత వాతావరణం

సుమారు 21,000 సంవత్సరాల క్రితం చివరి మంచుయుగం పరాకాష్ఠకు చేరింది. ఖండాల మీద నీరు మంచుగా పేరుకొనడం వలన సముద్రమట్టం నేటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. దక్కను పీఠభూమిని మంచు కప్పలేదు. కాని నైరుతి రుతుపవనాలు బలహీనపడి వర్షాలు తగ్గాయి. తేమను కోరే అడవులు కుంచించుకుపోయి, గడ్డిభూములు విస్తరించాయి. మంచుయుగం ముగిసిన తరువాత రుతుపవనాలు తిరిగి బలపడి అడవులు మళ్ళీ వ్యాపించాయి.

ఆ తరువాతి మార్పులకు గోదావరి నది ఆధారాలను భద్రపరచింది. ఉత్తర తెలంగాణతో సహా తన పరీవాహక ప్రాంతంలోని ఆకుల మైనాన్ని ఈ నది ఒండ్రుతో పాటు బంగాళాఖాతానికి చేరుస్తుంది. చెట్లు, ఉష్ణమండలపు గడ్డిజాతులు కార్బన్‌ను వేర్వేరు పద్ధతులలో గ్రహిస్తాయి కనుక, వాటి మైనంలో కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి కూడా వేరుగా ఉంటుంది. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సముద్రగర్భం నుండి 2006లో వెలికితీసిన మట్టి పొరలను ఈ విధంగా పరిశీలించారు. 2012లో ప్రచురితమైన ఆ పరిశోధన ప్రకారం సుమారు 4,000 సంవత్సరాల క్రితం నుండి ఈ ప్రాంతం పొడిబారసాగింది. సుమారు 1,700 సంవత్సరాల క్రితం నుండి ఆ పరిస్థితి మరింత తీవ్రమైంది.

జన్యువులలో మిగిలే గుర్తులు

కరవు కాలంలో అడవి పూర్తిగా నశించక లోయలు, కొండవాలులు, నీటి ఊటల వంటి చోట్ల నిలిచి ఉంటుంది. వీటిని ఆశ్రయ స్థానాలు అంటారు. ఇక్కడ జాతి దీర్ఘకాలం కొనసాగడం వలన పాత జన్యు భేదాలు నిలుస్తాయి. మరొకచోట కనిపించని భేదాలు కూడా ఉంటాయి. వర్షాలు పెరిగాక కొత్త ప్రాంతాలకు చేరేవి కొద్దిపాటి విత్తనాలే. వాటి సంతతితో ఏర్పడిన అడవి ఎంత విశాలమైనదైనా, అందులో జన్యు వైవిధ్యం తక్కువగా ఉంటుంది. చెట్ల తరాలు దీర్ఘమైనవి కావడం చేత ఈ గుర్తులు త్వరగా చెరిగిపోవు.

పుష్పించే మొక్కలలో అధికభాగం జాతులకు హరితరేణువుల డీఎన్ఏ తల్లిమొక్క నుండే సంక్రమిస్తుంది. కాబట్టి అది విత్తనాలు ప్రయాణించిన మార్గాన్ని తెలుపుతుంది. కేంద్రకంలోని డీఎన్ఏ పుప్పొడి ద్వారా కూడా వ్యాపిస్తుంది. ఈ రెండింటినీ పోల్చి ఒక అడవి చరిత్రను అంచనా వేస్తారు.

ఉదాహరణలు

ఆదిలాబాదు అడవులలో సహజంగా పెరిగే టేకు భారతదేశం, మయన్మార్, థాయిలాండ్, లావోస్‌లకు చెందిన చెట్టు. జన్యు పరీక్షలలో భారతదేశపు టేకు, థాయిలాండ్-లావోస్ టేకు వేర్వేరు సమూహాలుగా తేలాయి. వైవిధ్యం భారతదేశంలో, అందునా దక్షిణాన, అధికంగా కనిపించింది.

హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొని 2023లో ప్రచురించిన అధ్యయనం పశ్చిమ కనుమల దక్షిణ భాగాన్ని పరిశీలించింది. ఇది ఒక జాతి లోపలి భేదాలకు కాక, జాతుల వంశవృక్షానికి సంబంధించినది. ఆ ప్రాంతం ప్రాచీన వృక్ష వంశాలకు నిలయంగానూ, కొత్త వంశాలకు పుట్టినిల్లుగానూ ఉన్నదని ఇందులో తేలింది.

అభిప్రాయ భేదాలు

అమెజాన్ అడవులు మంచుయుగంలో ముక్కలై, ఆ ముక్కలలో కొత్త జాతులు పుట్టాయని 1969లో యుర్గెన్ హాఫర్ ప్రతిపాదించాడు. సరస్సుల అడుగున దొరికిన పుప్పొడిని పరిశీలించిన పాల్ కోలిన్‌వో వంటివారు, అక్కడ అడవి చాలావరకు చెక్కుచెదరలేదని వాదించారు. కాబట్టి ఆశ్రయ స్థానాల సిద్ధాంతాన్ని అన్ని ప్రాంతాలకూ ఒకే విధంగా అన్వయించరు.

ప్రాముఖ్యత

ఎర్రచందనం సహజంగా తూర్పు కనుమల దక్షిణ భాగానికే పరిమితమైన జాతి. దీని అంతర్జాతీయ వ్యాపారం 1995 నుండి సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధం క్రింద నియంత్రించబడుతున్నది. స్మగ్లర్లు పెద్ద మానులను నరికివేసినపుడు కలపతో పాటు, విత్తనమిచ్చే తల్లిచెట్లూ వాటిలోని జన్యు భేదాలూ పోతాయి. ఒకే తోట విత్తనాలతో లక్షల మొక్కలు నాటినా ఆ భేదాలు తిరిగి రావు.

నగరంలోని అడవులకూ ఇది వర్తిస్తుంది. రహదారులు, భవనాల మధ్య చిక్కుకున్న అడవి ముక్కల నడుమ పుప్పొడి, విత్తనాల రాకపోకలు తగ్గుతాయి. 2025 మార్చి నెలాఖరున హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల భూమిలో చెట్లు తొలగించే పనులు మొదలుకాగా, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసింది. కొండాపూర్ సమీపంలోని కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ వంటి ఉద్యానవనాలు అనేక జాతులను ఒకచోట చూపగలవు. అయితే ఒక్కొక్క జాతికి కొద్ది మొక్కలే ఉండే చోట ఆ జాతి పూర్తి వైవిధ్యం నిలవదు. గత కరవులను తట్టుకొన్న జన్యు భేదాలే రాబోయే వాతావరణ మార్పులకు చెట్లకు ఆధారం కనుక, సహజ అడవులను ఉన్నచోటనే కాపాడటం, అనేక తల్లిచెట్ల నుండి విత్తనాలు సేకరించడం అవసరం.

ఇవి కూడా చూడండి

తూర్పు కనుమలు
ఎర్రచందనం
రుతుపవనాలు
జీవ వైవిధ్యం