తోడు పెట్టిన సి డ్రైవు

రాత్రి అందరి భోజనాలూ అయ్యాక గిన్నె అడుగున చెంచాడు పెరుగు మిగల్చాలని మన ఇళ్ళల్లో ప్రత్యేకం ఎవరూ ఎవరికీ నేర్పరు. అది రేపటికి తోడు. ఆ చెంచాడూ ఏ పిల్లవాడో నాకేశాడంటే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళాల్సిందే. పక్కింటావిడ దగ్గర వుంటుందన్న భరోసాతోనే కదా ఇన్ని తరాలు గడిచాయి! కంప్యూటరు వాళ్ళు బ్యాకప్ అనీ రీస్టోర్ అనీ పెద్ద పెద్ద మాటలు వాడేది ఇంచుమించు ఈ సంగతికే. కాకపోతే మనకి చెంచాడుతో పని జరిగిపోతుంది, వాళ్ళకి మాత్రం గిన్నెడు పెరుగూ మీగడతో సహా దాచుకోవాలి. ఇంట్లో కంప్యూటరున్న మామూలు మనుషులకి అది చేతనయ్యేసరికి సుమారు ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆ ముప్ఫై ఏళ్ళ కథ భలే తమాషాగా వుంటుంది.

మొదట ఒక చిన్న సందేహం తీర్చుకుందాం. కంప్యూటరు తెరిస్తే సి డ్రైవు కనిపిస్తుంది, పక్కన డి కనిపిస్తుంది. మరి ఏ, బి ఏమైనట్టు? ఈ కాలం పిల్లల్ని అడిగితే తెల్లమొహం వేస్తారు. 1981 ఆగస్టులో ఐబీఎం కంపెనీ తన మొదటి పర్సనల్ కంప్యూటరు అమ్మకానికి పెట్టినప్పుడు అందులో హార్డు డిస్కే లేదు. ఫ్లాపీలు పెట్టుకునే అరలు మాత్రం వుండేవి. అవే ఏ, బి. యంత్రాన్ని నడిపించే డాస్ అనే పెత్తనదారు కూడా ఒక ఫ్లాపీలోనే కాపురం. ఆ ఫ్లాపీ పెడితే యంత్రం మేలుకుని పనిలో దిగేది. తర్వాత్తర్వాత హార్డు డిస్కు వచ్చి చేరితే దానికి మూడో అక్షరం దక్కింది. ఫ్లాపీలు ఎప్పుడో పోయాయి. అయినా ఏ, బి అక్షరాలు పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీల్లా ఖాళీగానే వున్నాయి.

అంతకు ముందు సంగతి ఇంకా వినసొంపుగా వుంటుంది. నిజంగా వినసొంపే! 1977లో అమెరికాలో ఆపిల్ టూ, టీఆర్ఎస్ 80, కమొడోర్ పెట్ అనే మూడు ఇంటి కంప్యూటర్లు వచ్చాయి. వాటి సరుకంతా మనం పాటలు వినే క్యాసెట్లలోనే వుండేది. టేపురికార్డరు గొంతు కాస్త పెంచినా తగ్గించినా ప్రోగ్రాము లోపలికి ఎక్కేది కాదు. అందుకని జాగ్రత్తపరులు ఒకే ప్రోగ్రామును వెంట వెంట రెండుసార్లు రికార్డు చేసుకునేవారు. ఒకటి మొరాయిస్తే రెండోది. ఇంటి కంప్యూటరు బ్యాకప్ పుట్టింది ఆ క్యాసెట్ల మీదే అంటాను నేను.

ఫ్లాపీల కాలంలోనూ పెద్ద బాధ లేదు. డబ్బాలో వచ్చిన అసలు ఫ్లాపీని బీరువాలో పెట్టి, నకలుతో పని చేసుకోవడం అప్పటి ఆచారం. నకలు చెడితే ఇంకో నకలు. అంతే.

చిక్కంతా హార్డు డిస్కుతో వచ్చింది. అది పుట్టింది 1956లో. ఐబీఎం వాళ్ళ రామాక్ అనే యంత్రంలో రెండేసి అడుగుల వెడల్పున్న పళ్ళాలు 50 గిర్రున తిరుగుతూ వుండేవి. బరువు టన్ను దాకా. పట్టేది 50 లక్షల అక్షరాలు. 1980లో సీగేట్ కంపెనీ అంతే సరుకు పట్టే డిస్కును అరచేతుల్లో ఇమిడేలా చేసింది. 1983 మార్చిలో ఐబీఎం ఎక్స్‌టీ అనే కంప్యూటరు 10 మెగాబైట్ల హార్డు డిస్కుతో వచ్చింది. ఇప్పుడు 10 మెగాబైట్లంటే పెళ్ళి ఫోటోలు రెండో మూడో. అప్పుడది గాదె.

గాదె నిండాక ఎలుకల భయం. ఆ ఎక్స్‌టీతో పాటే వచ్చిన డాస్‌లో బ్యాకప్ అనీ రీస్టోర్ అనీ రెండు ఆదేశాలు పెట్టారు. ఫ్లాపీకి పట్టేది 360 కిలోబైట్లు. లెక్క వేసుకోండి. నిండిన డిస్కును దాచుకోవాలంటే సుమారు 30 ఫ్లాపీలు కావాలి. మనిషి యంత్రం ముందు కూర్చుని, ఒకటి పెట్టి, అది గురగురలాడాక తీసి, మీద అంకె వేసి, ఇంకొకటి పెట్టాలి. అప్పడాలు ఒత్తినట్టు. తీరా అవసరం పడ్డనాడు అదే వరసలో మళ్ళీ అన్నీ పెట్టాలి. మధ్యలో ఒకటి బూజు పట్టి వుంటే ఆ అప్పడం వరకూ నీళ్ళొదులుకోవాలి. పైగా ఒక డాస్‌లో దాచింది తర్వాతి డాస్‌లో తెరుచుకుంటుందన్న నమ్మకం కూడా వుండేది కాదు. ఇంత శ్రమపడి నెలనెలా బ్యాకప్ తీసుకున్న పుణ్యాత్ములు ఎందరో వూహించుకోండి!

ఇందులో ఇంకో మెలిక వుంది. రీస్టోర్ అనే ఆదేశం వినాలంటే యంత్రం ముందు మేలుకోవాలి. యంత్రాన్ని మేల్కొలిపేది సి డ్రైవు. పోయిందే సి డ్రైవు. అంటే ఇల్లు కాలిపోతే ముందు ఇల్లు కట్టుకుని, ఆ తర్వాత దాచిన సామాను తెచ్చి సర్దుకోవాలన్నమాట. 1995లో విండోస్ 95 వచ్చాక ఇది మరీ ముదిరింది. ప్రోగ్రాములు తమ సామాను ఒక్కచోట పెట్టుకోవడం మానేశాయి. కొంత ఇక్కడ, కొంత విండోస్ గదిలో, కొన్ని చిరునామాలు రిజిస్ట్రీ అనే చిట్టాపుస్తకంలో. ఫోల్డరు ఎత్తి ఇంకోచోట పెట్టుకుంటే ఆ ప్రోగ్రాము ప్రాణం దానితో రాదు. మొత్తం డ్రైవును వున్నది వున్నట్టుగా ఎత్తాలి. ఎత్తబోతే, విండోస్ దాని మీదే కూర్చుని వుంటుంది. తను కూర్చున్న చాపను తనే చుట్టడం ఎవరి తరం?

ఈ ముడి విప్పింది అమెరికా కాదు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరంలో బైనరీ రీసెర్చ్ అనే చిన్న కంపెనీలో ముర్రే హజార్డ్ అనే ఆయన 1990ల నడుమ ఘోస్ట్ అనే ప్రోగ్రాము రాశాడు. దయ్యం అనే పేరుకి వాళ్ళు ఒక పొడుగాటి అర్థం కూడా అతికించారు గానీ, అది మనకి అక్కర్లేదు. కిటుకేమిటంటే, యంత్రాన్ని ఫ్లాపీతో మేల్కొలపడం. అప్పుడు విండోస్ నిద్రలోనే వుంటుంది, చాప మీద ఎవరూ వుండరు. హాయిగా మొత్తం చాప చుట్టి ఒకే ఒక ఫైలుగా కట్టేయొచ్చు. కావలసినప్పుడు పరిచేయొచ్చు. దాన్నే ఇమేజ్ అన్నారు. కంప్యూటర్లు వరసగా పెట్టుకున్న ఆఫీసులకీ శిక్షణ కేంద్రాలకీ ఇది వరమైంది. ఒకటి తీర్చిదిద్ది మిగతావన్నీ దాని నకళ్ళు చేసుకోవచ్చు. 1998లో సిమాంటెక్ కంపెనీ దాన్ని కొనేసింది. ఆ తర్వాత నార్టన్ ఘోస్ట్ పేరుతో ఇళ్ళల్లోకీ వచ్చింది. ఇంటి వాళ్ళకి అమ్మడం 2013లో ఆపేశారు. అయినా ఇప్పటికీ పాతకాపులు డ్రైవుకి ఇమేజ్ తియ్యడాన్ని ఘోస్ట్ తియ్యడమనే అంటారు.

సరిగ్గా ఆ 1998లోనే, అమెరికాలో కాలిఫోర్నియాలో, ఒక బాలింత ఇంటి కంప్యూటరు ఒక సినిమాను బతికించింది. ఈ కథ మాత్రం తీరిగ్గా చెప్పాలి.

పిక్సార్ స్టూడియో వాళ్ళు టాయ్ స్టోరీ 2 తీస్తున్నారు. బొమ్మల సినిమా. గీసిన బొమ్మలు కావు, కంప్యూటరులో అల్లిన బొమ్మలు. అంటే సినిమా అంతా ఫైళ్ళే. ఒకరోజు ఎవరో చెరిపెయ్యమనే చిన్న ఆదేశం ఒకటి ఎక్కడో ఇవ్వబోయి ఇంకెక్కడో ఇచ్చారు. ఓరెన్ జేకబ్ అనే సాంకేతిక నిపుణుడు చూస్తుండగానే వుడీ అనే కథానాయకుడి టోపీ మాయమైంది. తర్వాత బూట్లు. తర్వాత వుడీయే లేడు. గాభరాపడి యంత్రం తీగ పీకించేసరికి సుమారు 90 శాతం సినిమా పోయింది. పోతే పోయిందిలే, టేపుల మీద బ్యాకప్ వుందిగా అనుకున్నారు. తీసి చూస్తే అది కొన్నాళ్ళుగా సరిగా రాసుకోవడమే లేదని బయటపడింది! రోజూ తోడు వేస్తూనే వున్నారు, తోడుకుందో లేదో మూత తీసి చూసినవారే లేరు. మంచి నకలు కావాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్ళాలి.

అందరూ తలలు పట్టుకుని కూర్చున్న ఆ సమావేశంలో గాలిన్ సస్‌మన్ అనే ఆవిడ, నా దగ్గర ఇంట్లో ఒక ప్రతి వుండాలి అన్నది. ఆవిడ ఆ సినిమాకి సాంకేతిక పర్యవేక్షకురాలు. ఆ మధ్యే బిడ్డ పుట్టింది. బిడ్డను చూసుకుంటూ ఇంటి నుంచి పని చేసుకోవడానికి స్టూడియో యంత్రం ఒకటి ఇంటికి తెచ్చుకుని, అప్పుడప్పుడూ సినిమా మొత్తం దాన్లోకి నకలు చేసుకునేది. వెంటనే ఆవిడా జేకబ్ కలిసి ఆవిడ ఇంటికి వెళ్ళారు. యంత్రాన్ని దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి, సీటుబెల్టు కట్టి, పసిబిడ్డను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చినట్టు మెల్లగా నడుపుకుంటూ స్టూడియోకి తెచ్చారట. అందులో వున్నది సుమారు రెండు వారాల నాటి సినిమా. ఆ తర్వాత వేల కొద్దీ ఫైళ్ళను మనుషులే కూర్చుని పాతదానితో కొత్తదాన్ని సరిచూసి అతికించారు.

ఇక్కడ నాకు ముచ్చటగొలిపే విషయం ఒకటుంది. ఆవిడ ఆ నకలు చేసుకున్నది సినిమాను రక్షిద్దామని కాదు. బిడ్డనీ వుద్యోగాన్నీ రెంటినీ వదులుకోలేక. నిపుణులు జీతాలు తీసుకుని పెట్టిన భద్రత గుడ్డిగవ్వకి పనికిరాలేదు. అన్నట్టు, కొద్ది నెలల తర్వాత కథ బాగోలేదని సినిమాలో చాలా భాగం మళ్ళీ కొత్తగా చేశారు. 1999 నవంబరులో విడుదలైంది. 2023లో ఆ స్టూడియో వాళ్ళు ఖర్చు తగ్గించుకోవడానికి కొందరిని ఇంటికి పంపించినప్పుడు, ఆ జాబితాలో సస్‌మన్ కూడా వుంది.

మన వైపు అప్పట్లో సంగతేమిటంటారా? మనకి అన్నిటికీ ఒకటే మందు, ఫార్మాట్ కొట్టడం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడి భాగాలు కొని బిగించిన కంప్యూటరు నెమ్మదించినా, వైరస్ పట్టినా, కుర్రాడొకడు సీడీల సంచీతో వచ్చి, సి డ్రైవులో ఏమన్నా వున్నాయా ఆంటీ అని ఒక్క మాట అడిగి తుడిచేసేవాడు. అందుకే మన ఇళ్ళల్లో పాటలూ ఫోటోలూ డి డ్రైవులో పెట్టుకునే అలవాటు. సి పోయినా డి వుంటుందని. రెండూ ఒకే డిస్కులో రెండు అరలని చాలామందికి తెలియదు. బీరువా కాలితే ఏ అరయినా ఒకటే.

తెలుగులో రాసుకునే వాళ్ళకి ఇంకో వుపద్రవం. అప్పటి తెలుగు ఫాంట్లు చాలావరకూ ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు ముసుగు తొడిగినవి. ఆ ముసుగులుండేది సి డ్రైవులో. ఫార్మాట్ అయ్యాక డి డ్రైవులోని నవల తెరిస్తే అధ్యాయాలన్నీ కొక్కిరాయి గీతలు. ఫైలు భద్రంగానే వుంది, అక్షరాలే లేవు! మళ్ళీ అదే ఫాంటు తెచ్చి వేస్తేనే కథానాయిక తెలుగు మాట్లాడేది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చింది. కానీ ముద్రణ రంగం ఆ పాత ముసుగుల్ని చాలా ఏళ్ళు వదల్లేదు. రాతల్ని ఒక్కటే దాచుకుంటే చాలదు, అవి బతికే ఇంటిని కూడా దాచుకోవాలని నాకు అర్థమైంది ఆ గీతల వల్లనే.

దొంగల సంగతి కూడా చెప్పాలి. 1989 డిసెంబరులో ఎయిడ్స్ వ్యాధి సమాచారమంటూ ప్రపంచంలో చాలామందికి టపాలో ఫ్లాపీలు వచ్చాయి. సుమారు 20 వేలు. యంత్రంలో వేసుకున్నాక 90 సార్లు తెరిచే దాకా ఏమీ కాదు. ఆ తర్వాత ఫైళ్ళ పేర్లన్నీ మారిపోయి, పనామా దేశపు పోస్టుబాక్సుకి 189 డాలర్లు పంపమని తెర మీద చీటీ. పంపించింది జోసెఫ్ పాప్ అనే జీవశాస్త్రజ్ఞుడని తేలింది. అదే దొంగవిద్య ముదిరి 2017 మేలో వన్నాక్రై పేరుతో 150 దాకా దేశాల్ని వణికించింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దానికి చిక్కాయి. వేరేచోట ఇమేజ్ దాచుకున్నవాళ్ళు యంత్రాన్ని తుడిచేసి, పాతది పరుచుకుని, కాఫీ తాగి కూర్చున్నారు. నకలును కూడా అదే యంత్రానికి తగిలించి వుంచినవాళ్ళకి అసలుతో పాటు నకలూ పోయింది.

ఇంతకీ మామూలు మనుషులకి ఇది ఎప్పుడు చేతికొచ్చింది? 2000లో విండోస్ ఎంఈ సిస్టమ్ రీస్టోర్ తెచ్చింది. అది నిన్నటి అమరికకి వెనక్కి తీసుకెళ్తుందంతే, డిస్కు పోతే పనికిరాదు. 2007లో ఆపిల్ వాళ్ళ టైమ్ మెషీన్ వచ్చింది. పక్కన ఒక డిస్కు తగిలిస్తే గంటగంటకీ దానంతటదే దాచుకుంటుంది, మొత్తం యంత్రాన్నీ తిరిగి నిలబెడుతుంది. 2009లో విండోస్ 7 అన్ని రకాల్లోనూ సిస్టమ్ ఇమేజ్ తీసే సాధనం పెట్టింది. చాప మీద కూర్చునే చాప నకలు తీసే విద్య అప్పటికి విండోస్‌కి పట్టుబడింది.

ఆ సాధనం విండోస్ 11లో కూడా వుంది. కంట్రోల్ ప్యానెల్‌లో ఒక మూల, ఇంకా విండోస్ 7 పేరుతోనే. దాని మీద పని ఆపేశామని 2017లోనే మైక్రోసాఫ్ట్ చెప్పింది గానీ తీసెయ్యలేదు. బయటి డిస్కు ఒకటి తగిలిస్తే గంటా రెండు గంటల్లో ఇమేజ్ తీస్తుంది. ఆ పనయ్యాక డిస్కు తీగ లాగేసి లోపల పెట్టుకోవాలి. యంత్రం తనంతట తను లేవలేని రోజున దాన్ని లేపడానికి ఒక పెన్ డ్రైవు కూడా విడిగా తయారు చేసుకోవాలి. దాన్ని ఆ డిస్కుతో పాటే, పేరు రాసిన కవరులో పెడితే మంచిది. లేకపోతే ఎవరో ఒకరు ఖాళీ పెన్ డ్రైవనుకుని దాంట్లో సినిమా ఎక్కించుకుంటారు.