గుంటూరు గ్రహణము - దినముల లెక్క

1868 ఆగస్టు 18, మంగళవారము. ఆ ఉదయము గుంటూరులో సూర్యుడు సంపూర్ణముగా మరుగుపడెను. నేడు మిరపకును, ప్రత్తికిని పేరొందిన ఈ ఊరికి ఆనాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, ఆంగ్లేయుడు మేజరు టెన్నెంటు దూరదర్శినులతో వచ్చియుండిరి. సూర్యుని అంచున ఎగయు ఎఱ్ఱని జ్వాలలు వాయుమయములని, వానిలో హైడ్రోజను కలదని వారి పరిశీలనలవలన తేలెను.

1922 సెప్టెంబరు 21న మరియొక సంపూర్ణ గ్రహణము కలిగెను. ఆస్ట్రేలియాలోని వాలాల్ వద్ద క్యాంప్‌బెల్ బృందము దానిని ఛాయాచిత్రములు తీసి, నక్షత్రకాంతి సూర్యుని చెంత ఐన్‌స్టీన్ చెప్పిన రీతినే వంగుచున్నదని చూపెను.

ఈ రెండు గ్రహణములును ఒకే వరుసలోనివి. ఆ వరుసలో 223 చాంద్రమాసములకు, అనగా సుమారు 6,585 దినముల 8 గంటలకు, ఒక గ్రహణము వచ్చును. దీనికి సారోస్ చక్రమని పేరు. 1868 తరువాత 1886, 1904, 1922 సంవత్సరములలో ఈ వరుస గ్రహణములు వచ్చెను. మూడు చక్రములు గడచినవి గనుక నడుమ 19,756 దినములు ఉండవలెను. తేదీలను చూచి దీనిని సరిచూచుట ఎట్లు?

తేదీలోనుండి తేదీని నేరుగా తీసివేయుటకు వీలులేదు. నెలకు 28 మొదలు 31 వరకు దినములుండును. సంవత్సరములును అన్నియు సమానములు కావు. ఈ చిక్కును మన జ్యోతిష్కులు ఏనాడో గుర్తించిరి. కలియుగారంభమని వారు గ్రహించిన క్రీ. పూ. 3102 ఫిబ్రవరి 18, శుక్రవారము మొదలుకొని గడచిన దినములను వరుసగా లెక్కించిరి. ఈ సంఖ్యయే అహర్గణము. ఐరోపాలో 16వ శతాబ్దమున స్కాలిజర్ క్రీ. పూ. 4713 నుండి ఆరంభమగు కాలచక్రమును ప్రతిపాదించెను. ఖగోళశాస్త్రజ్ఞుల జూలియన్ దినసంఖ్యకు అదియే ఆధారము.

గుంటూరు గ్రహణమునాటి అహర్గణము 18,15,097. వాలాల్ గ్రహణమునాటిది 18,34,853. తీసివేయగా 19,756 వచ్చును. దీనిని 7 చే భాగించిన 2 మిగులును. మంగళవారమునకు రెండు దినములు కలుపగా గురువారము. 1922 సెప్టెంబరు 21 గురువారమే. కావున లెక్క సరిపోయినది.

నేటి కంప్యూటరు చేయునదియు ఇదియే. యూనిక్స్ పద్ధతిలో కాలగణనకు మొదలు 1970 జనవరి 1. అంతకు ముందరి కాలము ఋణసంఖ్య అగును. గుంటూరు గ్రహణము మైనస్ 37,025వ దినము. వాలాల్ గ్రహణము మైనస్ 17,269వ దినము. భేదము మరల 19,756. పైథాన్ భాషలో కాలవ్యవధి దినములు, సెకండ్లు, సెకండు భాగములుగానే నిలువచేయబడును. నెలకు స్థిరమైన పొడవు లేదు గనుక అందు నెలకు చోటులేదు.

ఇచ్చట ఒక అపాయము పొంచియున్నది. నాలుగుచే భాగింపబడు సంవత్సరము సాధారణముగా లీపు సంవత్సరము. కాని శతాబ్ది సంవత్సరము 400 చే భాగింపబడిననే లీపు అగును. 2000 లీపు సంవత్సరము; 1900 కాదు. 1983లో వెలువడిన లోటస్ 1-2-3 అను ప్రోగ్రాము 1900ను లీపు సంవత్సరముగా ఎంచెను. దానితో పొందిక చెడకుండుటకై ఎక్సెల్ ప్రోగ్రాము ఆ పొరపాటును తెలిసియే నిలుపుకొనెను. ఈ రెండు గ్రహణముల నడుమ 1900 కలదు. దానిని లీపుగా ఎంచినచో 19,757 వచ్చి, వారము శుక్రవారమగును. వారము తప్పినదనగా లెక్కయు తప్పినట్లే.

దినములు కుదిరినను గడియారము కుదరవలెను. 1868లో భారతదేశమంతటికి ఒకే ప్రామాణిక కాలము లేదు. మదరాసు కాలము గ్రీనిచ్ కాలము కంటె 5 గంటల 21 నిమిషముల 14 సెకండ్లు ముందుండెను. 1906 జనవరి 1న అమలులోనికి వచ్చిన భారత ప్రామాణిక కాలము 5 గంటల 30 నిమిషములు ముందున్నది. ఒకదానికి బదులు మరియొకటి వాడినచో 8 నిమిషముల 46 సెకండ్ల తేడా వచ్చును. గుంటూరులో సూర్యుడు పూర్తిగా మరుగై యుండిన కాలము అంతకంటె తక్కువ!

ప్రత్తి పంటకు తెచ్చిన అప్పుపై వడ్డీ కట్టుటకును, శీతల గిడ్డంగిలో మిరప బస్తాలు ఎన్ని దినములున్నవో తేల్చుటకును ఈ లెక్కయే ఆధారము. అచ్చట ఒక దినము తప్పినచో నష్టము రైతుదో, వర్తకునిదో అగును. కావున ప్రోగ్రాము వ్రాయు విద్యార్థి మొదట తేదీలను దినసంఖ్యలుగా మార్చి, పిదప తీసివేసి, చివర వారముతో సరిచూచుకొనవలెను. అహర్గణము నేర్పిన పాఠమిదియే.