వీధికుక్కల దత్తత: గుంటూరు, ప్రకాశం పల్లెల్లో

వీధిలో పుట్టిన కుక్కనో, గాయపడో తరిమేయబడో దిక్కులేకుండా ఉన్న కుక్కనో ఒక కుటుంబం ఇంటికి తెచ్చుకుని, దాని తిండి, టీకాలు, ఆపరేషన్, వైద్యం, కరిస్తే వచ్చే తగాదా అన్నీ అది బతికినన్నాళ్లు తన మీద వేసుకోవడాన్ని దత్తత అంటారు. సరిగ్గా చూసుకుంటే దేశవాళీ కుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పల్లెల్లో కుక్కను చేరదీయడం ఎప్పటినుంచో ఉన్నదే. దానికి ముద్ద వేసేవాళ్లు వీధికి నలుగురుంటారు, సూది వేయించేవాళ్లే కనపడరు.

కల్లం కుక్క

వేసవి ముందునుంచి మిరపకాయ కల్లాల్లో ఎండుతుంది. అంత సరుకు ఆరుబయట ఉంటుంది కాబట్టి రైతు రాత్రిళ్లు అక్కడే పడుకుంటాడు. అలికిడికి మొరిగే కుక్క ఒకటి వచ్చి చేరితే ఎవరూ తరమరు, క్యారేజీలో మిగిలింది దానికే పెడతారు. మిరప బస్తాలు (టిక్కీలు) గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లిపోయాక కల్లం ఖాళీ అవుతుంది. అప్పుడు ఆ కుక్క ఎవరిదని అడిగితే జవాబుండదు.

ఇళ్లలోనూ ఇలాంటి లెక్కే ఒకటి ఉంది. మగ కుక్కపిల్లను ఉంచుకుని ఆడ కుక్కపిల్లలను గోతంలో వేసి ఊరవతల వదిలేస్తారు. కుక్కకు గర్భం సుమారు 63 రోజులే కావడంతో ఈతల భయం నిజమే. కానీ దానికి మందు ఒక్క ఆపరేషన్. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం (1960) ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడాన్ని నేరమంటుంది. అయితే మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. దశాబ్దాల కిందటి ఆ అంకెకు ఇవాళ ఎవరు భయపడతారు?

చట్టం, సంస్థలు

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు దత్తతకు వీలు కల్పిస్తూనే, తీసుకున్న కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని చెప్పింది. తెలుగునాట ఈ పనిలో హైదరాబాద్ బ్లూక్రాస్ పేరు ముందు వినిపిస్తుంది. దాన్ని అక్కినేని అమల 1992లో ప్రారంభించారు. పల్లెలో దత్తత మాత్రం సంస్థ చేతిమీదుగా కాక నేరుగా వీధి నుంచే జరుగుతుంది. కుక్కను ముందుగా పరీక్షించినవారు ఎవరూ ఉండరు కనుక మొదటి మజిలీ పశువుల ఆస్పత్రే కావాలి.

ఆరోగ్యం

కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలవుతాయి. రేబీస్ టీకా మూడు నెలలకు, తర్వాత ఏటేటా వేయించాలి. కొత్తగా తెచ్చిన కుక్క, అది పిల్లయినా సరే, పన్ను గీరినా గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పాతతరానిది. ఇప్పుడు చేతి కండరానికి వేసే టీకా 0, 3, 7, 14, 28 రోజుల్లో ఇస్తారు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మాత్రం బతకడం దాదాపు అసాధ్యం.

వీధికుక్కల్లో జననాంగాల దగ్గర రక్తం కారే కణితి తరచూ కనిపిస్తుంది. జత కట్టినప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే క్యాన్సర్ అది. అసహ్యించుకుని తరిమేస్తారు గానీ, వారానికో ఇంజక్షన్ చొప్పున విన్‌క్రిస్టిన్ ఇస్తే చాలావరకు నయమవుతుంది. ఆ మందు దొరికింది మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు మొక్కలోనే.

ఈ నేలకు ప్రత్యేకమైన ప్రమాదం పురుగుమందు. పత్తి, మిరప చేలల్లో మందు కలిపిన డ్రమ్ము అడుగున నిలిచిన నీళ్లు తాగితే కుక్కకు నోటి నుంచి చొంగ కారుతుంది, ఒళ్లు వణుకుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందయితే విరుగుడు అట్రోపిన్. అది పశువైద్యుడి చేతిలోనే ఉంటుంది, ఇంటి చిట్కాలతో పొద్దు గడపకూడదు. ఎండ సంగతి, మండే ఎండలకు పేరుపడ్డ రెంటచింతల గురించి విన్నవారికి చెప్పక్కర్లేదు. కుక్క రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. రేకుల షెడ్డు కింద గొలుసుతో కట్టేస్తే ఆ దారీ మూసుకుపోతుంది.

తిండి దగ్గర గుంటూరు జిల్లా ఇంటికి ఒక చిక్కుంది: మిగిలినదంతా కారమే, పైగా ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. అందుకని దానికి అన్నం విడిగా తీయాలి. ఉత్త పెరుగన్నం చాలదు, గుడ్డో ఎముకల్లేని కోడిమాంసమో కలవాలి.

ఎవరు చూస్తారు?

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఇళ్లలో కుక్కను తెచ్చేది సెలవులకొచ్చిన పిల్లలు, సాకేది తల్లిదండ్రులు. కాన్పుకో మనవడి కోసమో ఆ తల్లిదండ్రులు ఆరునెలలకని విమానమెక్కితే గేటుకు తాళం పడుతుంది. తెచ్చుకునే రోజునే పొరుగువారినో పాలేరునో రెండో మనిషిగా అడిగి ఒప్పించుకోవాలి. వాళ్ల చేతి ముద్ద కుక్కకు మొదటి నెల నుంచే అలవాటు చేయాలి. టీకాల కార్డు వాళ్లకు తెలిసిన చోట పెట్టాలి.