గోచి, తలగుడ్డ, గళ్ల లుంగీ

చరిత్ర పుస్తకాల్లో రాజుల పట్టుబట్టలకు పేజీలు ఉన్నాయి. నీళ్లలో దిగి చేపలు పట్టినవాడి బట్టకు ఒక్క పేరా కూడా దొరకదు. గోదావరి ఒడ్డున కోయలం, కొండరెడ్లం, కాలువల వెంట యానాదులు, కొల్లేటిలో వడ్డీలు. కులం, తెగ వేరైనా వేటకు దిగేటప్పుడు పాతకాలంలో అందరి వేషం ఒకటే: మొలతాడు, గోచి, తలగుడ్డ.

చదువుకున్నవాళ్లు దీన్ని అనాగరికం అన్నారు. 1909లో ఎడ్గార్ థర్స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. మనవాళ్ల తలలు, ముక్కులు కొలిపించాడు. ముక్కు కొలిస్తే మనిషి ఎవరో తేలుతుందని ఆ కాలపు దొరల నమ్మకం. మేమైతే ముక్కు వదిలేసి బట్ట కట్టు చూడమంటాం.

పేదరికం లేదని మేము అనడం లేదు. కానీ ఆ కట్టులో పని తెలివి ఉంది. కొల్లేరు లోతు తక్కువ, బురద, నాచు ఎక్కువ. పొడుగు బట్ట నీళ్లు పీల్చుకుని కాళ్లకు చుట్టుకుంటుంది. తాటిదోనెలో నిలబడి గెడ వేసేవాడికి కాళ్లు ఆడాలి. విసురు వల విసరాలంటే నడుము తిరగాలి. గోచి బిగిస్తే రెండూ జరుగుతాయి, చేతులు ఖాళీగా ఉంటాయి. ఇక తలగుడ్డ. ఎండకు నీడ అదే, ఒళ్లు తుడుచుకునే తువ్వాలు అదే. బీడీలు, అగ్గిపెట్టె తడవకుండా దాచుకునేది అందులోనే. బుట్ట నెత్తికెత్తుకుంటే చుట్టకుదురు, బుట్ట లేకపోతే చేపల మూట. ఆడవాళ్లు ఊత పట్టుకుని నీళ్లలో దిగితే చీర కుచ్చెళ్లు కాళ్ల మధ్యగా వెనక్కి తీసి దోపుకుంటారు. ఆ కట్టునే కుట్టి, ఎలాస్టిక్ వేసి, ధోతీ ప్యాంటు అని ఏలూరు, తాడేపల్లిగూడెం రెడీమేడ్ షాపుల్లో మన ఆడపిల్లలకే అమ్ముతున్నారు.

గుడ్డ సంగతి ఇంకా దూరం పోయింది. కొల్లేరు దాటి తీరం వెంట దక్షిణానికి వెళితే చీరాల వస్తుంది. అక్కడి మగ్గాల మీద తేలియా రుమాలు పుట్టింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ముళ్లు కట్టి రంగు వేస్తారు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. నూనె వాసన వదలదు కాబట్టి తేలియా. తీరంలోని జాలర్లు, పశువుల కాపర్లు దాన్ని తలకు చుట్టారు, మొలకు కట్టారు. అరబ్బు దేశాలకూ ఓడల్లో వెళ్లింది. తర్వాత ఆ చదరపు గుడ్డే చీర అయింది, దుపట్టా అయింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నేతగాడు గజం గోవర్ధన గారికి 2011లోనే పద్మశ్రీ ఇచ్చారు. నేసినవారికి దక్కిన గౌరవం మాకూ సంతోషమే. కట్టినవాడి పేరు మాత్రం ఆ చీర మడతల్లో ఎక్కడా కనిపించదు.

గళ్ల లుంగీదీ అదే దారి. పులికాట్ రేవు నుంచి డచ్చివాళ్లు 1600ల తొలి రోజుల్లోనే గుడ్డల వ్యాపారం చేశారు. ఆ ఊరి పేరు మీదే మలేసియాలో గళ్ల లుంగీని నేటికీ 'కైన్ పెలెకాట్' అంటారు. 1950ల చివర అమెరికా కుర్రాళ్లు మద్రాసు గళ్ల చొక్కాల వెంటపడ్డారు. ఉతికితే రంగు పోవడం కూడా గొప్పే అని అక్కడి కంపెనీలు చెప్పి అమ్మాయి! మన దగ్గర రంగు పోతే బేరం తగ్గిస్తాం. 2021లో 'పుష్ప' వచ్చాక లుంగీ కట్టి ఫోటో దిగని కుర్రాడు లేడు. అదే కుర్రాడు లుంగీ కట్టిన నాన్న హాస్టల్‌కి వస్తే స్నేహితులకు చూపించడానికి వెనకాడతాడు. ఇది మేము బడిలో ఏటా చూస్తున్నదే. వేటకు వెళ్లే తాత బొమ్మ గీయమంటే పిల్లలు తాతకు ప్యాంటు తొడుగుతారు.

టీచర్లకు ఒక మాట. తాతలు ఉండగానే ఆ కట్లు పిల్లలచేత రాయించండి. గోచిలో ఎన్ని రకాలు, గుడ్డ ఎన్ని మూరలు, ఏ సంతలో కొన్నారు, ఎవరు నేశారు. కొలతలతో సహా. అవి మన తెగల భాషల్లో ఏ పేర్లతో ఉన్నాయో కూడా.

ఎందుకంటే బట్ట మారిపోయింది. కొల్లేరు చుట్టూ చేపల చెరువులు వచ్చాక వేటగాడు కూలీ అయ్యాడు. 2006లో ప్రభుత్వం 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో సరస్సులోని చెరువు గట్లు కొట్టించింది, కానీ సరస్సు బయట చెరువులు అలాగే ఉన్నాయి. ఇప్పుడు కైకలూరు, ఆకివీడు వైపు తెల్లవారుజామున వల లాగేవాళ్లను చూడండి. నిక్కర్లు, ఏదో విదేశీ ఆటగాడి పేరున్న పాత టీషర్టులు. తలకు మాత్రం ఇంకా గుడ్డ చుట్టే ఉంటుంది.